చీకటి గదిలో చూపు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే పప్పులో నీళ్ళ గురించో, గోడ దూకి చూసిన సెకండ్ షో గురించో రాయడం మన హాస్టల్లో ఆనవాయితీ. వాటి గురించి మా సీనియర్లు మాకంటే బాగా రాసేశారు. మేము ఒక గది గురించి రాస్తున్నాం. మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. ఇద్దరం ఈ హాస్టల్ అన్నం తిన్నవాళ్ళమే. పెన్ను పట్టుకున్నది పెద్దవాడు. వయసు ఇరవై మూడు, చదువుతున్నది ఎమ్మెస్సీ ఫిజిక్స్, మా ఇంట్లో మొదటి డిగ్రీ వాడిదే. చిన్నవాడు పక్కన కూర్చుని తప్పులు పడుతున్నాడు.

మాది వేదాద్రి. మేము పుట్టినప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. కృష్ణ ఒడ్డున యోగానంద నరసింహస్వామి గుడికి వచ్చేవాళ్ళందరికీ ఊరు తెలుసు, ఊరి చివర మా పేట మాత్రం తెలియదు. మా నాన్న ఏడో తరగతితో బడి మానేసి 1989లో జగ్గయ్యపేటలో ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాడు. మొదట ఊడవడానికి, నీళ్ళు మొయ్యడానికి. రెండేళ్ళు తిరిగేసరికి డార్క్‌రూమ్ ఆయన చేతికొచ్చింది.

సెల్‌ఫోన్‌తోనే ఫోటో అంటే ఏమిటో తెలిసిన తమ్ముళ్ళకు ఇక్కడ కాస్త చెప్పాలి. డార్క్‌రూమ్ అనగానే సినిమాల్లో ఎర్ర బల్బు చూపిస్తారు. అది ప్రింటు వేసేటప్పటి సంగతి. నలుపు తెలుపు బ్రోమైడ్ పేపరుకు ఎరుపు తెలియదు, అందుకని ఎర్ర బల్బు కింద పని చేసుకోవచ్చు. కెమెరాలో వేసే ఫిల్ము అలా కాదు. తొలినాళ్ళ ప్లేట్లకు ముఖ్యంగా నీలమే తెలిసేది. 1873లో జర్మనీకి చెందిన వోగెల్ అనే రసాయన శాస్త్రవేత్త, పూతలో అద్దకపు రంగులు కలిపితే అది మిగతా కాంతులను కూడా పట్టుకుంటుందని కనుక్కున్నాడు. ఆ దారిలోనే తరవాత ఎరుపుతో సహా అన్నీ తెలిసే పాంక్రోమాటిక్ ఫిల్ము వచ్చింది. మనకు కనిపించేదల్లా దానికీ కనిపిస్తుంది. కాబట్టి రోలు విప్పి మందులో వేసి తీసేదాకా గదిలో చిన్న వెలుతురు కూడా ఉండకూడదు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ గారు 1976లో మద్రాసులో పెట్టిన ల్యాబ్‌లోనూ ఇదే లెక్క. (చీకటిలో పని చేసే ల్యాబ్ పెట్టిన ఆ పెద్దాయన పేరే 1987 నుంచి హైదరాబాదులో కంటి ఆసుపత్రికీ ఉంది. మాకు అది తలుచుకుంటే ముచ్చటేస్తుంది.)

నాన్న కడిగింది ఎక్కువగా నూట ఇరవై రోలు. పన్నెండు ఫోటోలు, పొడవు రెండు మూరలకు కాస్త తక్కువ. తూర్పు జర్మనీ ఓర్వో, ఊటీలో తయారయ్యే ఇందు. చీకట్లో వెనకున్న నల్లకాగితం నుంచి ఫిల్ము విడదియ్యాలి. పూత ఏ వైపు ఉందో తెలియకపోతే కొసను పెదవికి ఆనించేవాడట. పూత ఉన్న వైపు తడికి అంటుకుంటుంది. తరవాత రెండు కొసలూ పట్టుకుని, ఉయ్యాల ఊపినట్టు ట్రేలో మందులో ముంచుతూ లేపుతూ ఉండాలి. గడియారం కనపడదు గనక నోటితో అంకెలు లెక్కపెట్టుకోవాలి. ఎండాకాలం మందు వేడెక్కితే పూత మెత్తబడి గోరు తగిలినా ఊడొస్తుంది. సోడా బండి దగ్గర ఐసు తెచ్చి ట్రే కింద పెట్టేవాళ్ళు. మెటోల్ తగిలి తగిలి వేళ్ళు పగిలి, గోళ్ళు గోధుమ రంగుకు తిరిగాయి. పెళ్ళిచూపుల్లో అమ్మ తరఫు వాళ్ళు ఆ గోళ్ళు చూసి రోగమేమోనని అడిగారట.

ఇంకో సంగతి. ఆ స్టూడియోలో నాన్న టీ గ్లాసు వేరు. కిటికీ మీద బోర్లించి ఉండేది. ఊళ్ళో పెద్ద పెద్ద వాళ్ళ పెళ్ళి ఫిల్ములు మాత్రం ఆయన పెదవికి తగిలాకే ఫోటోలయ్యాయి.

1994 వేసవిలో ఒక పెళ్ళి వాళ్ళు మర్నాటికల్లా ఫోటోలు కావాలని కూర్చున్నారు. ఓనరు రెండు రోళ్ళూ ఒకేసారి కడిగెయ్యమన్నాడు. ఒక్కో చేతిలో రెండేసి కొసలు. ఎక్కడో మధ్యలో తడి ఫిల్ములు రెండూ ఒకదానికొకటి అతుక్కున్నాయి. అతుక్కున్న చోటికి మందు చేరలేదు. నెగెటివ్‌లో అక్కడ ఏమీ లేదు, అంటే ప్రింటులో నల్లమచ్చ. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, మొత్తం ఐదు ఫోటోలు పోయాయి. "కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు" అని అందరి ముందూ అన్నాడట ఓనరు. నాలుగు వందల జీతంలో నెలకు రెండు వందల చొప్పున తొమ్మిది నెలలు కోశాడు. మా నాయనమ్మ మేకను అమ్మింది ఆ ఏడే. కలర్ వచ్చింది, రోళ్ళు విజయవాడ వెళ్ళడం మొదలైంది, 2004 పుష్కరాలు అయ్యాక స్టూడియోలో నాన్నకు పనే లేకుండా పోయింది. అప్పటి నుంచి మిరప కోతలు, సిమెంటు మూటలు.

ఈ కథ మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎమ్మెస్సీలోకి వచ్చాక నైట్ విజన్ గాగుల్స్ గురించి చదువుతుంటే మళ్ళీ గుర్తొచ్చింది. సైనికులు, పైలట్లు తలకు కట్టుకునేవి. లోపలి గొట్టంలో ఒక పలక మీద పడిన కొద్దిపాటి కాంతి ఎలక్ట్రాన్లుగా మారుతుంది, అవి వేల రెట్లు పెరిగి ఆకుపచ్చ తెర మీద బొమ్మవుతాయి. బొత్తిగా కాంతి లేని గదిలో ఇదీ గుడ్డిదే. అందుకని పరారుణ దీపం ఒకటి పెడతారు. ఎరుపుకు అవతల కంటికి కనపడని కిరణాలున్నాయని 1800లో హెర్షెల్ థర్మామీటరుతో పట్టుకున్న సంగతి మన ఇంటర్ పుస్తకంలో ఉన్నదే. మామూలు ఫిల్ము చూపు ఏడు వందల నానోమీటర్ల లోపే ఆగిపోతుంది. దీపం తొమ్మిది వందల నలభై దగ్గర వెలుగుతుంది. ఫిల్ముకు చీకటి, కళ్ళద్దాల మనిషికి వెలుగు! విదేశాల్లో డార్క్‌రూమ్‌లలో ఇలాంటివి వాడుతున్నారు. జాగ్రత్తలు లేకపోలేదు. కంటి దగ్గర తెర వెలుగు బయటికి పొక్కకూడదు, పరారుణాన్ని పట్టే ప్రత్యేక ఫిల్ములకు ఇది పనికిరాదు, దీపం ఎనిమిది వందల యాభైది అయితే సన్నటి ఎర్ర మెరుపు కనిపిస్తుంది. హాస్టళ్ళ వరండాల్లో సీసీ కెమెరా చుట్టూ రాత్రిపూట ఎర్రగా కనిపించే చుక్కలు అవే. వాటి ముందు నుంచే గోడ దూకే తమ్ముళ్ళు గమనించగలరు.

మంచి గాగుల్స్ లక్షల్లో ఉన్నాయి. మేము పాత వెబ్‌క్యామ్ విప్పి, లెన్సు వెనక పరారుణాన్ని ఆపే గాజుముక్క తీసేసి, విజయవాడలో కొన్న నాలుగు ఎల్‌ఈడీలు కట్టాం. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళి కిటికీకి దుప్పట్లు కప్పాం. నాన్న ట్రంకుపెట్టె అడుగు నుంచి కాలం చెల్లిన ఓర్వో రోలు ఒకటి తీశాడు. మందులు ఎక్కడా దొరకలేదు. అమ్మ బేసిన్‌లో నీళ్ళే పోశాం. ల్యాప్‌టాప్ వెలుగు లోపల పడకూడదని, తలుపు కింద నుంచి వైరు లాగి మేము అరుగు మీద కూర్చున్నాం.

తెర మీద బూడిద రంగులో నాన్న కనిపించాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎటూ చూడటం లేదు. ఏదో వింటున్నట్టు తల కొంచెం పక్కకు వంచాడు. వేళ్ళు మాత్రం తొట్రుపాటు లేకుండా నడుస్తున్నాయి. కాగితం విడిపోయింది, కొస పెదవికి ఆనింది, ఉయ్యాల మొదలైంది. ఇరవై ఏళ్ళు పైబడింది ఆ పని చేసి. మిరప తోటలో ఆ చేతులను చూశాం, బస్టాండులో మా పెట్టెలు మోస్తుంటే చూశాం. ఇలా ఎప్పుడూ చూడలేదు. లోపల నుంచి అంకెలు వినిపిస్తున్నాయి. చిన్నవాడు లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

బయటికొచ్చాక రికార్డు చేసింది చూపించాం. నాన్న రెండుసార్లు చూశాడు.

"ఒక్క రోలు నేనెప్పుడూ చెడగొట్టలేదురా. ఆ రోజు రెండు పట్టించాడు" అన్నాడు.

గాగుల్స్ పెట్టుకున్న పైలట్ బొమ్మ ఫోన్లో చూపించాం. నుదుటి మీదకు ఎత్తిపెట్టుకున్న ఆ రెండు గొట్టాలు చూసి నాన్న పకపకా నవ్వాడు. "కళ్ళు నెత్తికెక్కడమంటే ఇదేనేంట్రా పెద్దోడా!"

"ఇవి అప్పుడుంటే జీతం కోసేవాడు కాదు కదా నాన్నా?" అన్నాం.

"అప్పుడుంటే ఆయన పెట్టుకునేవాడు. నాకిచ్చేవాడా?"

అమ్మ ఆ వీడియో తన ఫోన్లో వెయ్యమంది. నాన్న అప్పటికే లేచి, ఏ బొమ్మా లేని ఆ తడి ఫిల్మును బట్టల దండెం మీద క్లిప్పుతో వేలాడదీశాడు. కింద కొసకు బరువుగా ఇంకో క్లిప్పు పెట్టి, ఆరేదాకా అటు తిరిగి దుమ్ము లేపొద్దని మమ్మల్ని కసిరాడు.