బండిలో బుష్షు

మా నాన్నగారి నాటి పికప్పు బండి హోసూరులో మా యింట యింకా వున్నది. గతుకు తగిలితే చాలు, వెనుక టకటకమని మోత. అన్నదమ్ములం మాలో ఒకరు పాతయినుముకు వేసేద్దామంటే, మరొకరు వద్దన్నారు. “ముందు మేస్త్రీకి చూపించండిరా” అన్నది అమ్మ.

కమాన్లు బాగానే వున్నవి, వాటి కంటిలోని రబ్బరు బుష్షులు అరిగినవన్నాడు మేస్త్రీ. బరువు పడితే కమాను సాగును, బరువు దిగితే ముడుచుకొనును. ఆ కదలికలో యినుమూ యినుమూ ఒరసుకోకుండా నడుమనుండి మెలితిరిగేది బుష్షే.

జాకీనే నమ్ముకోక ఛాసిస్ క్రింద గట్టి స్టాండ్లు పెట్టినాము. కొత్త బుష్షులను సబ్బునీళ్ళతో దించినాము. నూనె తగిలితే రబ్బరు వుబ్బును. బోల్టులను చివరిసారి బిగించేది మాత్రం బండి బరువంతా చక్రాలమీద నిలిచిన తర్వాతనే. పైకెత్తి వుండగా బిగిస్తే రబ్బరు సదా మెలిపడే వుండి, త్వరలో చీలును.

మోత పోయినది. మా యిద్దరి నడుమ ఇన్నాళ్ళూ బుష్షు పని అమ్మది. ఆమెకు ఎనభై దాటినవి. ఇక ఆ మెత్తదనం మేమే నేర్చుకోవాలి గదా!