తూమెడు నేల, తరంగసంఖ్య

"హైడ్రోజన్ క్లోరైడ్ అణువు కంపనంలో ఒక మెట్టు పైకెక్కాలంటే ఎంత శక్తి కావాలి?" అని వైవాలో అడిగితే నా రూమ్మేటు తడుముకోకుండా "2886 సెం.మీ.⁻¹" అన్నాడు. ఎగ్జామినరుగారు నవ్వి, "అది శక్తి ఎలా అవుతుందోయ్? పాలు కూడా మీటర్లలో పోయించుకుంటావా?" అన్నారు. మార్కులు తగ్గాయి. మార్కులు పోయినందుకు కాదు గానీ, మేం చదివిన పుస్తకంలోనే శక్తి స్థాయిల పటం పక్కన సెం.మీ.⁻¹ అని అచ్చయి ఉంది, అదీ వాడి బాధ. హాస్టల్లో ఆ రాత్రంతా ఇదే గొడవ.

నిక్కచ్చిగా మాట్లాడితే ఎగ్జామినరుగారి మాట కాదనలేం. సెంటీమీటరు పొడవులో ఎన్ని తరంగాలు పడతాయో చెప్పేదే తరంగసంఖ్య. అందులో ద్రవ్యరాశీ లేదు, కాలమూ లేదు. శక్తి ప్రమాణంలో ఆ రెండూ ఉండి తీరాలి.

అయినా నేను మావాడి పక్షమే. మా తాత పొలాన్ని ఎకరాల్లో చెప్పేవాడు కాదు, "తూమెడు నేల" అనేవాడు. అంటే తూమెడు విత్తనాలు పట్టే నేల. తూము గింజల కొలత, నేల కొలత కాదు. అలాగని తాతను తప్పుపట్టిన రైతు లేడు. గింజకీ నేలకీ ఉన్న లెక్క అందరికీ తెలుసు మరి. ఇక్కడా అంతే. తరంగసంఖ్యని ప్లాంక్ స్థిరాంకంతోనూ కాంతివేగంతోనూ హెచ్చవేస్తే శక్తి వస్తుంది: 1 సెం.మీ.⁻¹ కి 1.986 × 10⁻²³ జౌళ్లు. తాత లెక్క మెట్టకొకటి, మాగాణికొకటి. ఈ లెక్క ఎక్కడైనా ఒకటే. కాంతివేగాన్ని 1983లో, ప్లాంక్ స్థిరాంకాన్ని 2019లో ఇక మారని సంఖ్యలుగా ఖాయం చేసేశారు కూడా.

పైగా ఎంత సుఖం! 5.73 × 10⁻²⁰ జౌళ్లంటే నాబోటివాడికి ఏం తోస్తుంది? అదే 2886 అనుకుని, గది ఉష్ణోగ్రతకి సరిపడే 207 సెం.మీ.⁻¹ ని పక్కన పెట్టండి. అణువులు దాదాపు అన్నీ కింది మెట్టు మీదే ఎందుకున్నాయో కాగితం అక్కర్లేకుండా తెలుస్తుంది. 1928లో రామన్ కనుక్కున్న ఎఫెక్టునే చూడండి. పడిన కాంతి తరంగసంఖ్యలోంచి చెదిరిన కాంతిది తీసేస్తే అణువు పుచ్చుకున్న శక్తి తేలిపోతుంది. తరంగదైర్ఘ్యాలతో ఈ తీసివేత కుదరదు.

ఒక్కచోట మాత్రం జాగ్రత్తపడాలి. వైవాలో దీన్ని ఎవరూ అడగరెందుకో! గాలిలో కాంతి వేగం రవ్వంత తగ్గుతుంది, తరంగదైర్ఘ్యమూ ఆ మేరకు కుదించుకుపోతుంది. శక్తి మాత్రం మారదు. అంచేత శక్తికి బదులు చెప్పే తరంగసంఖ్య శూన్యంలోనిదే అయివుండాలి. సోడియం పసుపు గీతను గాలిలో కొలిచి అలాగే తిరగేస్తే, అసలు విలువ కన్నా దాదాపు 5 సెం.మీ.⁻¹ ఎక్కువ వస్తుంది. ఆ జంట గీతల మధ్య ఎడమే 17 సెం.మీ.⁻¹. అందులో 5 అంటే తక్కువేం కాదు.