తగ్గిన శ్రుతి

మా సంఘంలో పాటలు చాలాకాలంగా పై శ్రుతిలోనే సాగేవి. గిటారు వాయించే యౌవనస్థుడికి జీ, సీ, డీ కార్డులే బాగా వచ్చు. అతను జీలో మొదలుపెడితే పల్లవి వరకు అందరం పాడేవాళ్లం. చరణంలో స్వరం పైకి లేచేసరికి, ముందు చాపల మీద కూర్చున్న పెద్దవాళ్లు ఆగిపోయేవారు. పెదవులు కదిలేవి, గొంతు వినబడేది కాదు. పుస్తకం తెరవకుండా ఆ కీర్తనలన్నీ పాడగలిగినవారు వాళ్లే.

గిటారు మెడకు కాపో అనే క్లిప్పు బిగిస్తే శ్రుతి పెరుగుతుందే గాని తగ్గదు. తీగలు బాగా వదులు చేస్తే పట్టు తప్పి, ఫ్రెట్లకు తగిలి గరగరలాడతాయి.

మొన్న క్రిస్మస్‌కు అమెరికా నుండి వచ్చిన మా సంఘపు అబ్బాయి, అక్కడ ఒకరు వాడి అమ్మిన ఎలక్ట్రిక్ గిటారు తెచ్చి మందిరానికి ఇచ్చాడు. చేయి ఆనే చోట రంగు అరిగిపోయింది. మెడ కాస్త పొడుగు. దీన్ని బారిటోన్ గిటారు అంటారు. మామూలు గిటారులో మోగే తీగ పొడవు సుమారు 25 అంగుళాలైతే, బారిటోన్‌లో 27 నుండి 30 దాకా ఉంటుంది. తీగలూ లావే. అందుకే ఈ నుండి ఈ వరకు ఉండే శ్రుతిని ఇందులో బీ నుండి బీ వరకు దించుతారు. జీ పట్టు పడితే డీ పలుకుతుంది.

దీని వెనుక ఒక కథ ఉంది. 1950లలో న్యూజెర్సీలో నేథన్ డేనియల్ అనే ఆయన డానెలెక్ట్రో పేరుతో తక్కువ ధరకు గిటార్లు చేశాడు. ఖరీదైన కలప బదులు, చెక్క పీచును ఒత్తి చేసిన మేసొనైట్ అట్ట వాడాడు. పికప్‌లను లిప్‌స్టిక్ గొట్టాల్లో అమర్చాడు. ఆ కర్మాగారం 1969లో మూతపడింది. తరువాత న్యాష్‌విల్‌లో జెర్రీ జోన్స్ అనే పనివాడు తన చిన్న వర్క్‌షాపులో ఆ పాత పద్ధతినే మళ్లీ నిలబెట్టాడు. మా దగ్గరికి వచ్చినది ఆయన చేయించినదే.

ఆదివారం మా అబ్బాయి ఎప్పటి పట్లే పట్టాడు. పాట మాత్రం కిందికి దిగింది. చరణం వచ్చింది, పెద్దవాళ్ల గొంతులు ఆగలేదు. ఆరాధన అయ్యాక ఒక తాతగారు, “అయ్యగారూ, ఈయేళ చరణం కూడా మాకందిందండి” అన్నారు. ఆడపిల్లలు కొందరు మాత్రం తమకు మరీ కిందికి పోయిందన్నారు. అదీ నిజమే. అందుకని ఇప్పుడు రెండు పాటలు ఈ గిటారుతో, రెండు పాత గిటారుతో పాడుతున్నాము.

ఈ గిటారును చూసినప్పుడల్లా మేము ఒకటి తలచుకుంటాము. దిగడం వేరు, సడలిపోవడం వేరు. ఇంకొకరి కోసం కిందికి దిగే తీగ మరింత పొడవుగా, మరింత లావుగా ఉండాలి, బిగువు మాత్రం విడవకూడదు. బలహీనుల దగ్గరికి దిగివెళ్లేవారికి కూడా ఓర్పు అంత పొడవు, ప్రేమ అంత మందం కావాలి. మన ప్రభువు తగ్గించుకొన్నది అలాగే గదా!

ప్రియులారా, మీ ఇంట్లో, మీ సంఘంలో పల్లవి వరకు పాడి చరణం దగ్గర ఆగిపోతున్నవారు ఎవరో ఈ వారం చెవిపెట్టి వినండి. వారికి అందేంత వరకు మనమే దిగుదాం.