కొండమీద ఇల్లు

శ్రీకూర్మంలో ఇల్లు కట్టేవారికి ఇసుక, సిమెంటు బండిమీద గుమ్మం ముందుకే వస్తాయి. ఇక్కడినుండి ఉత్తరంగా, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట కొండలకు వెళ్లి చూడండి. రోడ్డు ఆగినచోట 50 కిలోల బస్తా మనిషి భుజమెక్కాలి. ఇసుక, ఇనుము కూడా అంతే. మోతకూలి వేరే పద్దు.

2016లో ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ పథకం మైదానంలో ఇంటికి 1,20,000 రూపాయలు, కొండప్రాంతంలో 1,30,000 రూపాయలు నిర్ణయించింది. తేడా 10,000 మాత్రమే!

సవరల పాత ఇంటికి మట్టి, గడ్డి కొండే ఇచ్చేది. క్రిస్మస్ నెల చలికి మందపాటి మట్టిగోడ కాపుదల. రేకుల కప్పు కిందికి ఆ చలి సూటిగా దిగుతుంది.

కాబట్టి కొండవారి ఇంటి ఖర్చు తెలియాలంటే సిమెంటు ధర ఒక్కటే అడగకండి, రోడ్డు ఎక్కడ ఆగిందో అడగండి. వీలైతే ఒక దినము వెళ్లి, ఒక బస్తాకు భుజమివ్వండి.