‘ళ’ వినపడే మైకు

తెలుగులో ‘ళ’ పలకడం నేర్పాలంటే ముందు అది అవతలివాళ్ళకి వినపడాలి. ఎదురుగా కూర్చున్న పిల్లలకి చెప్పేటప్పుడు ఈ బెంగ లేదు. నాలుక ఎలా మడవాలో నోరు తెరిచి చూపిస్తాం, పది సార్లు అనిపిస్తాం, పదకొండోసారికి వచ్చేస్తుంది. కానీ పిల్లలు డాలస్‌లో, టీచరు విజయవాడలో ఉంటే మధ్యలో ఎన్ని యంత్రాలున్నాయో చూడండి. ఇక్కడ ఒక మైకు, ఒక ల్యాప్‌టాప్, ఇంటర్నెట్టు, అక్కడ ఇంకో కంప్యూటరు, దాని స్పీకరు. వీటిలో ఏ ఒక్కటి అక్షరాన్ని మింగేసినా పిల్లకి చేరేది సగం తెలుగే.

హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక ఆదివారం పొద్దున్న ఆరున్నరకి ఆరుగురు పిల్లలకి పాఠం చెబుతున్నాను. అక్కడ అప్పటికి శనివారం రాత్రి అవుతుంది. డిక్టేషన్ ఇస్తే వాళ్ళు రాసినవి చూసి నాకు దిగులేసేది. నేను ‘కళ’ అంటే ‘కల’ అని రాసేవాళ్ళు. ‘కథ’ అంటే ‘కద’. ‘శనగలు’ అంటే ‘సనగలు’. ఓ రోజు ‘ఖరము’ అని చెబితే అందరూ ‘కరము’ అని రాశారు. గాడిద కాస్తా చెయ్యి అయిపోయింది. ఆరుగురూ ఒకే రకంగా రాశారంటే లోపం పిల్లల్లో లేదని టీచర్‌గా నాకు తెలుసు.

ఆ మధ్య వాళ్ళలో ఒక పాప తల్లి ఫోన్ చేసింది. “టీచర్ గారూ, ఏమీ అనుకోకండి. మీ మాట బావిలోంచి వస్తున్నట్టుందంట. పాప విసుక్కుంటోంది. ఈ నెల చూసి ఆపేద్దామనుకుంటున్నామండీ” అంది. ఫీజు పోతుందని కాదు నా బాధ. ఆ పాప తెలుగు నేర్చుకునేది గుడివాడలో ఉన్న నాయనమ్మతో మాట్లాడ్డానికి. ఆవిడకి ఇంగ్లీషు రాదు. పాఠం ఆగిపోతే ఆ ఇద్దరి మధ్యా ఇక మిగిలేది వీడియోలో చేతులూపుకోవడమే.

మా అబ్బాయికి చెబితే, “అమ్మా, ఒక యూఎస్‌బీ మైకు కొనెయ్. రెండు, రెండున్నర వేలల్లో వచ్చేస్తుంది” అన్నాడు. మావారు మాత్రం, “అరవైమంది క్లాసులో వెనక బెంచీ దాకా వినపడేది నీ గొంతు. ఇప్పుడు ఆరుగురికి మైకా?” అని నవ్వారు. నవ్వినా ఆయన అడిగిన దాంట్లో న్యాయం ఉంది. అందుకే కొన్నాక ఊరికే తగిలించి వదిలెయ్యకుండా, పెట్టిన డబ్బుకి అది ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో కొలిచి చూద్దామనుకున్నాను.

ముందు అసలీ వస్తువేమిటో చెబుతాను. మైకు పని గాలిలో వచ్చే శబ్దాన్ని కరెంటుగా మార్చడం. ఇంట్లో వాడే చవక మైకుల్లో, ల్యాప్‌టాప్‌లో, సెల్‌ఫోన్లో ఉండేవి చాలావరకు కండెన్సర్ రకం. లోపల పల్చటి పొర ఒకటి మాటకి కదులుతుంది. అలాంటి పొరలోనే విద్యుత్తు నిలిచి ఉండేలా చేసిన ఎలక్ట్రెట్ మైకుని 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ అనే ఇద్దరు తయారు చేశారు. మైకులు ఇంత చిన్నగా, ఇంత చవగ్గా రావడానికి దారి వేసింది అదే. యూఎస్‌బీ మైకులో దీనికి తోడు శబ్దాన్ని అంకెలుగా మార్చే చిన్న చిప్పు కూడా ఉంటుంది. కావాల్సిన ఐదు వోల్టుల కరెంటు ఆ తీగలోంచే తీసుకుంటుంది. వేరే పెట్టె, వేరే అడాప్టరు అక్కర్లేదు. గుచ్చితే చాలు.

డబ్బా మీద పెద్దక్షరాలతో ‘192 కిలోహెర్ట్జ్’ అని వేసి ఉంది. అంకె చూసి మురిసిపోనక్కర్లేదండీ. మైకు సెకనుకి ఎన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తుందో చెప్పే లెక్క అది. ఆ అంకెలో సగం దాకా ఉండే శబ్దాలు అందులో పడతాయి. మనిషి చెవికి వినపడేది మహా అయితే 20,000 హెర్ట్జ్. అంటే 44,100 గానీ 48,000 గానీ ఉంటే మన మాటకి బోలెడు. ఆపైన ఉన్నదంతా గబ్బిలాలకి పనికొస్తుందేమో, పిల్లల తెలుగుకి కాదు.

అంకె మరీ తక్కువైతే మాత్రం నష్టమే. పాతకాలం ల్యాండ్‌లైన్ ఫోన్లు దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేవి. ‘స’లో ఉండే బుస చాలావరకు దానికి పైనే ఉంటుంది. ఫోన్లో పేరు చెప్పేటప్పుడు “ఎస్ ఫర్ సీత” అని అరవాల్సి వచ్చేది అందుకే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలోనూ ఇలాంటి తంటా ఉంది. వాటిలో పాట వింటే బాగుంటుంది. మైకు కూడా వాడటం మొదలెట్టగానే చాలా వాటిలో కాల్ పద్ధతికి మారిపోయి శబ్దం కుంచించుకుపోతుంది.

ఇక పరీక్ష. శ, ష, స, ల, ళ, న, ణ, అల్పప్రాణాలు, మహాప్రాణాలు కలిసేలా ఇరవై మాటల జాబితా రాసుకున్నాను. దాన్ని మూడు రకాలుగా చదివి రికార్డు చేశాను. ఒకటి ల్యాప్‌టాప్ సొంత మైకుతో. రెండోది సెల్‌ఫోన్‌తో వచ్చిన తీగ ఇయర్‌ఫోన్లతో. మూడోది కొత్త మైకుతో. ప్రతిదాని మొదట్లో పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఊరుకున్నాను. గది రొద ఎంతుందో ఆ మౌనమే చెబుతుంది. ఆడాసిటీ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది, అందులో ఆ గీతలు కళ్ళకి కనపడతాయి. తర్వాత ఏది దేనితో చేశానో చెప్పకుండా మావారికీ, పక్కింటి పిన్నిగారికీ వినిపించి డిక్టేషన్ రాయమన్నాను. “ఈ వయసులో మాకు పరీక్షలేమిటమ్మా” అంటూనే ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని బుద్ధిగా రాసింది.

ల్యాప్‌టాప్ మైకులో సగానికి సగం తప్పులొచ్చాయి. అది ఊహించిందే. ఇయర్‌ఫోన్లతో చేసినదాంట్లో ఇద్దరికీ తప్పులు మూడు నాలుగు మించలేదు. ఇది నేను అనుకోలేదు. కొత్త మైకుని ముందు కావాలనే ల్యాప్‌టాప్ పక్కన, అందరూ మామూలుగా పెట్టే చోట, మనిషికి రెండడుగుల దూరంలో పెట్టాను. ఇయర్‌ఫోన్ల కంటే వెనకబడింది! ఫ్యాను రొద, వీధిలో ఆకుకూరల బండి కేక, వంటింట్లో కుక్కర్ కూత, అన్నీ నా గొంతుతో సమానంగా పట్టింది. మంచి మైకంటే మంచి చెవి. దానికి ఎవరి మాట వినాలో మనం చెప్పకపోతే అందరి మాటా వింటుంది.

అసలు కిటుకు దూరంలో ఉంది. ఖాళీ చోట నోటికీ మైకుకీ దూరం సగం చేస్తే మన గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. రెండడుగుల నుంచి అడుగుకి వస్తే ఆరు, అరడుగుకి వస్తే ఇంకో ఆరు. ఫ్యాను చోటు మారదు కాబట్టి దాని రొద అంతే ఉంటుంది. గొంతు పెరిగింది కదా అని గెయిన్ తగ్గిస్తాం, దాంతో పాటు రొదా తగ్గుతుంది. ఇయర్‌ఫోన్ల మైకు గెలిచిందీ ఇందుకే. అది గడ్డం కిందే వేలాడుతుంది.

నా మైకు కార్డియాయిడ్ రకం. ముందున్న శబ్దాన్ని బాగా, వెనకున్నదాన్ని తక్కువగా వింటుంది. కాబట్టి దాని వీపు వీధి కిటికీ వైపుకి తిప్పాను. నేను ఫ్యాను కింద నుంచి గోడ వైపుకి జరిగాను. మే నెలలో బెజవాడలో ఫ్యాను ఆపేసి పాఠం చెప్పమంటే పాఠం మధ్యలో నన్నే మోసుకుపోవాలి. అందుకని ఆపకుండా ఒకటో నంబరులో పెట్టుకున్నాను.

మైకు స్టాండు మరీ పొట్టిది. మెడ వంచుకుని మాట్లాడాల్సి వచ్చింది. శబ్దరత్నాకరం తీసి బల్లమీద పెట్టి, పైన తువ్వాలు మడతపెట్టి, దానిమీద నిలబెట్టాను. నిఘంటువు వల్ల ఎత్తు వచ్చింది, తువ్వాలు వల్ల బల్ల అదురు తగ్గింది. కీబోర్డు కొట్టినా టకటకలు వినపడట్లేదు. ‘ఫ’, ‘భ’ అన్నప్పుడు నోట్లోంచి వచ్చే గాలి మైకుకి తగిలి ‘ధబ్’మనేది. మైకుని నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి జరిపి, నోటి వైపుకే తిప్పి ఉంచితే ఆ చప్పుడు పోయింది. మహాప్రాణం మాత్రం మిగిలింది. అది మిగలాలనే కదా మన బాధంతా.

బావిలోంచి వస్తున్నట్టు ఉండటానికి కారణం గది. ఖాళీ గోడలు, గచ్చు నేల ఉంటే మాట వాటికి తగిలి మళ్ళీ మైకులోకి వస్తుంది. ఆ ప్రతిధ్వని ఏ బటన్‌తోనూ పోదు. బట్టల బీరువా తలుపులు తీసి దాని ముందు కూర్చున్నాను. వెనక దండెం మీద ఓ బొంత వేలాడేశాను. ఇంటికొచ్చినవాళ్ళు ఉతికి ఆరేశామనుకున్నారు. అనుకోనివ్వండి, మాట పొడిగా వచ్చింది.

కంప్యూటర్లో చూసుకోవాల్సినవి రెండు. మైకు గుచ్చినంత మాత్రాన ల్యాప్‌టాప్ దాన్నే వాడుతుందని లేదు. సెట్టింగ్స్‌లో ఎంచుకుని, మైకు మీద గోటితో మెల్లగా గీకి చూడండి. ఆ గీకుడు గట్టిగా వినపడితే అదే పని చేస్తోందని అర్థం. రెండోది, వీడియో కాల్ యాపుల్లో రొద తగ్గించే ఏర్పాటు ఉంటుంది. ఫ్యాను గాలీ, ‘స’లోని బుసా రెండూ గాలి శబ్దాలే. దాన్ని ఎక్కువలో పెడితే ఒకదాన్ని తీయబోయి రెండోదాన్నీ కాస్త గీరేస్తున్నట్టు నా చెవికి తోచింది. గది నిశ్శబ్దంగా ఉంటే తక్కువలో పెట్టుకోవచ్చు. గెయిన్ సంగతికొస్తే, గట్టిగా చదివినప్పుడు గీత మైనస్ పన్నెండు నుంచి మైనస్ ఆరు డెసిబెల్స్ మధ్య ఆగాలి. సున్నాని తాకితే మాట పగులుతుంది. పగిలిన మాటని తర్వాత ఎవరూ అతకలేరు.

ఇవన్నీ చేసి అదే జాబితా మళ్ళీ చదివాను. మావారికి ఒక తప్పు, పిన్నిగారికి రెండు. అందులో ఒకటి ‘ణ’. అది ఆవిడ మామూలుగా కూడా ‘న’ అనే అంటుంది కాబట్టి మైకు ఖాతాలో వెయ్యలేదు.

లోపాలూ చెప్పాలి. మ్యూట్ బటన్ నొక్కితే ‘టక్’మని అవతలికి వినపడుతుంది. తీగ పొట్టి. స్టాండు కాళ్ళు జారుతుంటాయి. గెయిన్ మరలో పట్టు లేదు, చెయ్యి తగిలితే తిరిగిపోతుంది. మన గొంతు మనమే అప్పటికప్పుడు వినడానికి ఇయర్‌ఫోన్ల రంధ్రం కొన్ని మైకులకి ఉంటుంది, దీనికి లేదు. రోజూ రికార్డు చేసేవాళ్ళకి అది అవసరం. వారానికోసారి పాఠం చెప్పే నాకు లేకపోయినా నడుస్తోంది.

ఆ పాప తరగతి మానలేదు. మొన్న డిక్టేషన్‌లో ‘కళ’ సరిగ్గానే రాసింది. పైకి చదవమంటే మాత్రం ఇంకా ‘కల’ అనే అంటోంది. వినడం వచ్చింది, పలకడం రావాలి. అక్కణ్ణించి చెయ్యాల్సింది మైకు కాదు, నేను.

మీలో ఎవరైనా పిల్లల పాఠాలకో, పద్యాలు పాడి పంపడానికో మైకు కొనాలనుకుంటుంటే ఒక్క మాట. ముందు ఇంట్లో ఉన్న తీగ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, బీరువా ముందు కూర్చుని పది మాటలు రికార్డు చేసి ఎవరిచేతనైనా రాయించండి. అన్నీ సరిగ్గా రాస్తే మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. గంటలకొద్దీ మాట్లాడేపని ఉండి, చెవుల్లో తీగలు భరించలేకపోతే అప్పుడు కొనండి. కొనేటప్పుడు డబ్బా మీది అంకెలు కాదు, కార్డియాయిడా కాదా, గెయిన్ మర ఉందా లేదా, స్టాండు ఎత్తెంత, వాపసు గడువెన్ని రోజులు, ఈ నాలుగే చూడండి. ఆ గడువు లోపలే, ఫ్యాను తిరుగుతుండగా, మీరు రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని పరీక్షించండి.