ర్యామ్ పెంచే ముందు ప్రాసెసర్ చూడండి



మాది నిడమనూరు. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండిస్తాం. అమ్మాయి తొమ్మిదో తరగతి. పోయినేడు కంప్యూటర్ కావాలంటే, తక్కువలో వస్తుందని పాతది ఒకటి కొన్నాను. కోర్ 2 డుయో ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్. ‘ముందు ఇది నడవనీ, తర్వాత ర్యామ్ పెంచుకుందాం’ అనుకున్నాను. మీరూ ఇలాగే అనుకుంటూ ఉంటే, నా అనుభవం ఒకసారి వినండి.

పిల్ల రాత్రి పదకొండు దాకా దాని ముందే ఉండేది. “చదువుతున్నావా, వీడియోలు చూస్తున్నావా?” అని రెండు మూడుసార్లు గట్టిగానే కోప్పడ్డాను. ఏమీ అనలేదు. ఒకరోజు పక్కన కూర్చున్నాను. ప్రాజెక్ట్ ఫైలు, దాంతోపాటు ఇంటర్నెట్‌లో నాలుగు పేజీలు తెరిచింది. కంప్యూటర్ హ్యాంగ్ అయింది. ఆపి, మళ్లీ ఆన్ చేసి, పోయినదంతా మొదటినుంచి టైప్ చేసింది. “రోజూ ఇంతే నాన్నా” అంది.

మర్నాడే ఇంకో 2 జీబీ తెచ్చి వేయించాను. మొత్తం 4 ఉండాలి కదా, 3.25 అనే చూపించింది. మోసపోయాననుకుని, హైదరాబాద్‌లో హార్డ్‌వేర్ పనిచేసే మేనల్లుడికి ఫోన్ చేశాను.

“మోసం కాదు మామా. అందులో ఉన్నది 32-బిట్ విండోస్. మెమరీలో ప్రతి బైట్‌కూ ఒక నంబరు కావాలి. 32 బిట్లతో వచ్చేవి దాదాపు 429 కోట్ల నంబర్లు, అంటే 4 జీబీకే సరి. వాటిలో కొన్ని డిస్‌ప్లే లాంటివాటికి పోతాయి” అన్నాడు. సర్వే నంబరు లేని భూమి పాసుబుక్కులోకి ఎక్కదు కదా, అలాగన్నమాట!

64-బిట్ విండోస్ వేస్తే ర్యామ్ అంతా లెక్కలోకి వచ్చింది. కానీ ఆ పాత బోర్డు 4 జీబీకి మించి తీసుకోదు. పెంచుకుందామన్న దారి అక్కడితో మూసుకుపోయింది.

ఈసారి రెండు సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లు చూశాం. ఒకటి 2013 నాటి నాలుగో తరం ఐ5. డీడీఆర్3 ర్యామ్ 32 జీబీ దాకా పడుతుంది, ధర తక్కువ. రెండోది 2017లో వచ్చిన ఎనిమిదో తరం ఐ5. డీడీఆర్4 ర్యామ్, ధర ఎక్కువ. మెమరీ ఒక్కటే చూస్తే బడి పనికి మొదటిది చాలు. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కు ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే అనుమతి. డీడీఆర్3 ర్యామ్ డీడీఆర్4 స్లాట్‌లో పట్టదు కూడా. రేపు సిస్టమ్ మారిస్తే పాత ర్యామ్ పనికిరాదు. అందుకే రెండోదే తీసుకున్నాం. ఒకే 8 జీబీ ర్యామ్ వేయించి, ఇంకో స్లాట్ ఖాళీగా ఉంచాం. నిజంగా ‘తర్వాత పెంచుకోవడం’ అంటే ఇదీ.

మీరు పాత కంప్యూటర్ కొంటే ఈ నాలుగూ అడగండి: ప్రాసెసర్ ఏ తరం? బోర్డు ఎన్ని జీబీల దాకా తీసుకుంటుంది? ర్యామ్ ఏ రకం? స్లాట్ ఖాళీ ఉందా?

కొత్త సిస్టమ్ ఇంటికి వచ్చిన రోజు మా అమ్మాయికి సారీ చెప్పాను. ఆ మాట ఇంకా ముందే చెప్పాల్సింది.