నీళ్ళు నేర్పిన అలవాట్లు

పిల్లలూ! మలయాళంలో "చూడు వెళ్ళం" అంటే ఏమిటో మీకు తెలుసా? "చూడు, మేం వెళ్ళం" అని మాత్రం కాదు. వేడినీళ్ళు అని!

చిన్నతనంలో నేను కొన్నేళ్ళు కేరళలో, అలప్పుళ దగ్గర ఉన్నాను. చాలాకాలానికి ఈ మధ్య మళ్ళీ అక్కడికి వెళ్ళాను. అప్పుడు రోజూ చూస్తూ కూడా పట్టించుకోని సంగతులు ఇప్పుడు ఎంతో వింతగా కనిపించాయి.

భోజనానికి కూర్చోగానే గ్లాసులో లేత గులాబీరంగు వేడినీళ్ళు పోశారు. పతిముఖం అనే చెట్టు చెక్క వేసి మరిగిస్తే ఆ రంగు వస్తుంది. కేరళలో వానలు జాస్తి. దాదాపు ప్రతి పెరట్లోనూ బావి ఉంటుంది. వానాకాలంలో బావినీరు చెడితే రోగాలు వస్తాయి. అందుకే కాచి తాగడం అలవాటు చేసుకున్నారు. రంగునిచ్చేది చెక్క, క్రిములను చంపేది మాత్రం మరగడమే!

అక్కడ చాలా ఊళ్ళకు బస్సు బదులు పడవ వస్తుంది. పిల్లలు పుస్తకాల సంచులతో రేవులో నిలబడి ఉంటారు. వైకోం, తవణక్కడవు రేవుల మధ్య 2017 నుంచి "ఆదిత్య" అనే పడవ నడుస్తోంది. అందులో 75 మంది కూర్చోవచ్చు. అది సూర్యరశ్మి నుంచి పుట్టిన విద్యుత్తుతో నడుస్తుంది గనక పొగ రాదు.

అన్నిటికన్నా వింత కుట్టనాడు. అక్కడ పడవలో నిలబడితే వరిచేలు మన కాళ్ళకన్నా దిగువన కనిపిస్తాయి! మన కోనసీమలో చేలల్లో ఎక్కువైన నీరు మురుగు కాలవల గుండా సముద్రానికి పోతుంది. కుట్టనాడులో చాలా పొలాలు సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల దిగువన ఉంటాయి. నీరు తనంతట తాను పైకి పోలేదు కదా! అందుచేత చేల చుట్టూ గట్టు పోసి, లోపలి నీటిని మోటార్లతో పైకి తోడుతారు. మోటార్లు రాకముందు మనుషులు పెద్ద చక్రాలను కాళ్ళతో తొక్కి తోడేవారు. ఒకే గట్టు లోపల ఎందరో రైతుల చేలుంటాయి. గట్టు ఒక్కచోట తెగినా అందరి పంటా మునుగుతుంది. కాబట్టి గట్టును కాపాడడం అందరి పనీ.

2018 ఆగస్టులో పెద్ద వరదలు వచ్చి కుట్టనాడు మునిగింది. అప్పుడు సముద్రతీరపు జాలరులు తమ పడవలను లారీలకెక్కించి తీసుకువచ్చారు. ఇళ్ళలో చిక్కుకుపోయిన వేలాదిమందిని కాపాడారు. వాళ్ళను ఆదుకున్నది రోజూ చేపల వేటకు పోయే పడవలే!

మీరు కూడా ఎప్పుడైనా పాత ఊరికి తిరిగి వెళితే, అక్కడి వింతలు చూసి నవ్వి ఊరుకోకండి. "ఇది ఇలా ఎందుకుంది?" అని పెద్దవాళ్ళను అడగండి. ప్రతి అలవాటు వెనకా ఏదో ఒక అవసరం దాగి ఉంటుంది.